కన్ను ఆగే చోటు: వార్తా ఛాయాచిత్రం వాదించే తీరు

పొద్దున పేపరు విప్పగానే ముందు చదివేది పతాక శీర్షిక అనుకుంటాం. నిజానికి అంతకంటే ముందే కన్ను ఫొటో మీద పడుతుంది. ఎవరి మీద జాలిపడాలో, ఎవరిని అనుమానించాలో, అసలు ఈ వార్త మనదో కాదో ఆ ఒక్క చూపులోనే చాలావరకు తేలిపోతుంది. తర్వాత చదివే అక్షరాలు ఆ తీర్పును బలపరుస్తాయి, లేదా దానితో పోట్లాడతాయి. కాబట్టి వార్తా ఛాయాచిత్రాన్ని పేజీకి తొడిగిన నగగా చూడడం పొరపాటు. సంపాదకీయానికి ఎలా ఒక వాదన ఉంటుందో దానికీ అలాగే ఒక వాదన ఉంటుంది. పాఠకుణ్ణి పట్టి ఆపడానికి దానికి దానివైన ఎత్తులుంటాయి. ఆ ఎత్తులను మెచ్చుకోవాలా, తప్పుపట్టాలా అన్నది ఎలా తేల్చుకోవాలి? నేను ఒక కొలత ప్రతిపాదిస్తాను. పాఠకుడి కన్ను ఎక్కడ ఆగుతుందో అక్కడి నుంచి ఆ వార్తకు కారణమైనదాని దాకా ఒక దారి ఉండాలి. ఆ దారి ఫొటోలోనే ఉండొచ్చు, కింది రైటప్‌లో ఉండొచ్చు, పక్క కాలమ్‌లో ఉండొచ్చు. ఎక్కడా లేకపోతే మాత్రం, ఫొటో ఎంత గొప్పదైనా, అది పాఠకుణ్ణి పిలిచి గుమ్మం దగ్గరే నిలబెట్టి పంపించినట్టు.

మన ఆలంకారికులు మాటకు మూడు వృత్తులు చెప్పారు: నేరుగా చెప్పే అభిధ, ఒకదానికి బదులు ఇంకొకదాన్ని నిలిపే లక్షణ, చెప్పకుండానే స్ఫురింపజేసే వ్యంజన. తొమ్మిదో శతాబ్దపు కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ధ్వని సిద్ధాంతాన్ని కట్టింది కావ్యం కోసమే అయినా, వార్తా చిత్రాన్ని విప్పి చూడడానికి ఇంతకంటే అనువైన పనిముట్టు నాకు కనబడలేదు. 2004 డిసెంబరు 28న తమిళనాడులోని కడలూరులో రాయిటర్స్ ఫొటోగ్రాఫర్ అర్కో దత్తా తీసిన సునామీ చిత్రాన్నే చూద్దాం. ఇసుక మీద వాలిపోయి, అరచేతులు రెండూ పైకి తిరిగి ఏడుస్తున్న ఒక స్త్రీ. ఫ్రేము అంచున చనిపోయిన బంధువు చెయ్యి మాత్రమే కనిపిస్తుంది. శవం పక్కన ఒక స్త్రీ ఏడుస్తోంది అన్నంతవరకు అభిధ. మనిషికి బదులు చెయ్యి, తీరం పొడవునా పోయిన వేలమందికి బదులు ఒక్కరు అన్నది లక్షణ. తెరిచిన ఆ అరచేతుల్లో ఇక పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదన్న భావం వ్యంజన. దాన్ని ఎవరూ రాయలేదు, అయినా చూసినవాళ్లందరూ చదివారు. ఆ ఏడాది ప్రపంచ ప్రెస్ ఫొటో పురస్కారం దానికే దక్కింది. 1964లో ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ ఒక పాస్తా ప్రకటన బొమ్మను ముందు పెట్టుకుని దాదాపు ఇదే దారిలో నడిచాడు. బొమ్మకు అర్థాలు చాలా ఉంటాయనీ, కింద రాసిన మాట వాటిలో ఒకదానికి లంగరు వేస్తుందనీ చెప్పాడు. ఇక్కడ మాటకూ ఫొటోకూ ఉన్న పెద్ద తేడా ఒకటి గమనించాలి. రాతలో అతిశయోక్తి ఉంటే పాఠకుడు పసిగడతాడు. ఫొటోలో ఉంటే పసిగట్టడం కష్టం. కెమెరా చూసింది కాబట్టి జరిగి ఉంటుంది అని మనసు ముందే ఒప్పుకుంటుంది. ఫొటోగ్రాఫర్ నిలబడ్డ ఎత్తు, వాడిన లెన్సు, బటన్ నొక్కిన క్షణం, డెస్కులో చేసిన క్రాప్, పేజీలో మడతకు పైనా కిందా అన్న నిర్ణయం, వీటిలో ప్రతిదీ ఒక ఎంపికే. కానీ ఈ ఎంపికలేవీ అచ్చులో కనబడవు.

ఈ కొలతను ముందుగా మన నేల మీది పాత చిత్రాలకు పెట్టి చూస్తాను. 1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని కాల్చేసిన క్షామాన్ని రాయలసీమలో ధాత కరువు అంటారు. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయిన కాలం. ఆ క్షామాన్ని ఫొటోలు తీసినవాడు విల్లోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి. ఎముకల గూళ్లలాంటి మనుషులను గుంపులుగా చేర్చి, కొందరిని కూర్చోబెట్టి, కొందరిని వెనక నిలబెట్టి, కుటుంబ చిత్రం తీసినంత పద్ధతిగా అమర్చాడు. డొక్కలు, మోకీళ్లు, పొట్టలు స్పష్టంగా కనబడేటట్టు వెలుతురు చూసుకున్నాడు. ఫొటోను నేరుగా వార్తాపత్రికలో అచ్చువేసే పద్ధతి అప్పటికి ఇంకా రాలేదు. ఫొటోలు చేతులు మారుతూ తిరిగేవి, కరువు దృశ్యాలు లండన్ సచిత్ర వారపత్రికల్లో చెక్కుడు బొమ్మలుగా అచ్చయ్యేవి. వాటి ఆకర్షణకు తిరుగులేదు, ఇవాళ చూసినా చూపు తిప్పుకోలేం. కానీ ఆ బొమ్మల నుంచి కారణం వైపు ఒక్క అడుగు కూడా వెయ్యలేం. సహాయ శిబిరాల్లో కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం చాలని ప్రభుత్వ ప్రతినిధి సర్ రిచర్డ్ టెంపుల్ కోత పెట్టిన సంగతి అందులో లేదు. ఆ తిండితో మనిషి కష్టం చెయ్యలేడని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ చేసిన వాదన లేదు. అదే సమయంలో, 1877 జనవరి 1న, ఢిల్లీలో వైస్రాయ్ లిట్టన్ ప్రభువు నడిపిన దర్బారు లేదు. వెనక ఊరు లేదు, పొలం లేదు, శిబిరం లేదు. కరువు ఆ శరీరాల్లోనే పుట్టి ఆ శరీరాల్లోనే ముగిసినట్టు ఉంటుంది. ఇదే హూపర్ 1886లో మాండలేలో బర్మా ఖైదీలను కాల్చిచంపుతుండగా, తూటా తగిలే క్షణాన్ని పట్టాలని కెమెరా పెట్టించి విచారణను ఎదుర్కొన్నాడు. ఆ రెండు సందర్భాల్లోనూ ఒకే చూపు ఉంది. ఎదుటి మనిషి నుంచి దృశ్యాన్ని మాత్రం తీసుకుని, అతనికి ఏం జరిగిందన్న ప్రశ్నను బయట వదిలెయ్యడం ఆ చూపు స్వభావం.

దీని పక్కన 1943 నాటి కలకత్తాను పెట్టండి. శరీరాలు అవే, ఎముకలు అవే. ఆగస్టు 22, ఆదివారం, ‘ది స్టేట్స్‌మన్’ పత్రికలో సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్ బెంగాల్ అన్నార్తుల ఫొటోలు వేశాడు. వారం తిరగ్గానే మళ్లీ వేశాడు. అప్పటికి ప్రభుత్వం కరువు అన్న ప్రకటన చెయ్యలేదు; చేస్తే క్షామ నియమావళి ప్రకారం తిండి పెట్టాల్సిన బాధ్యత మీద పడుతుంది. యుద్ధకాలపు ఆంక్షల నీడలో పత్రికలు మాటను ఆచితూచి వాడుతున్న రోజులవి. ప్రభుత్వం అనడానికి ఒప్పుకోని మాటను ఆ ఫొటోలు అన్నాయి. ఎలా అన్నాయన్నది మనకు ముఖ్యం. ఆ శరీరాలు ఏ తెర ముందూ లేవు. కలకత్తా పేవ్‌మెంట్ల మీద, పాఠకుడు రోజూ ఆఫీసుకు నడిచే వీధుల్లో ఉన్నాయి. కాబట్టి అవి ఒక ప్రశ్నను వెంటబెట్టుకుని వచ్చాయి: పల్లెలో వరి పండించే మనిషి నగర వీధిలో ఎందుకు చచ్చిపోతున్నాడు? ఆ ప్రశ్నకు పక్కనే సంపాదకీయం ఉంది. ఇంకొక సంగతి కూడా ఉంది. ఆ పత్రిక బ్రిటిష్ యాజమాన్యంలోనిది, దాన్ని చదివేవాళ్లలో అధికారులు, వర్తకులు ఎక్కువ. అదే చిత్రం జాతీయవాద పత్రికలో వస్తే ప్రచారమని కొట్టిపారేసే అవకాశం ఉండేది. ఇక్కడ ఆ వీలు లేదు. చెప్పేవాడెవడన్నది వాదనకు బలమని ప్రాచీన గ్రీకులు చెప్పింది ఫొటోకూ వర్తిస్తుంది. అదే కాలంలో సునీల్ జానా తీసిన క్షామ చిత్రాలు కమ్యూనిస్టు పార్టీ పత్రిక ‘పీపుల్స్ వార్’లో పి.సి. జోషి రాతలతో కలిసి వచ్చాయి. అక్కడ కూడా ముఖం ఒంటరిగా లేదు, బ్లాక్ మార్కెట్ గురించీ ధాన్యం గురించీ వాదించే అక్షరాల మధ్య ఉంది. 1945లో క్షామ విచారణ సంఘం మృతుల సంఖ్యను 15 లక్షలని అంచనా వేసింది. తర్వాతి పరిశోధకులు ముప్ఫై లక్షల దాకా చెప్పారు. స్టీఫెన్స్ ఫొటోలు ఆ చావులను ఆపేశాయని నేను అనను. కరువు లేదు అని చెప్పడాన్ని మాత్రం అసాధ్యం చేశాయి. వార్తా చిత్రం చేయగలిగిన పెద్ద పని అదే.

ఇక్కడ భోపాల్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. 1984 డిసెంబరు 2 రాత్రి తెల్లవారితే 3, యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి దాదాపు 40 టన్నుల మిథైల్ ఐసోసయనేట్ బయటికొచ్చింది. ఆ తర్వాతి రోజుల్లో పూడ్చిపెడుతున్న ఒక పసిబిడ్డను ఇద్దరు ఫొటోగ్రాఫర్లు తీశారు. పాబ్లో బార్తలోమ్యూ రంగుల్లో తీశాడు, రఘు రాయ్ నలుపు తెలుపుల్లో తీశాడు. ఎవరి బిడ్డో తెలియదు. చుట్టూ మట్టి, రాళ్లు, మధ్యలో ముఖం, మూతపడని కళ్లు. ఆకాశం లేదు, అంచు లేదు, చూపు తప్పించుకునే సందు లేదు. రంగుల చిత్రంలో మట్టి రంగు, చర్మం రంగు వేరువేరుగా తెలుస్తూ ఇది నిన్ననే జరిగిందన్న పచ్చిదనం వస్తుంది. నలుపు తెలుపుల చిత్రంలో మట్టీ ముఖమూ ఒకే బూడిద రంగులోకి జారిపోతూ ఉంటాయి. అక్కడే ఒక పెద్ద మనిషి చెయ్యి, ముఖం మీది మట్టిని తుడుస్తున్నదో, కడసారి నిమురుతున్నదో అన్నట్టు ఉంటుంది. ఆ చెయ్యి వల్ల చిత్రంలోకి ఒక బంధువు వచ్చాడు. రంగుల చిత్రంలో బిడ్డ మనవైపు చూస్తాడు, మనమే సాక్షులం. నలుపు తెలుపుల చిత్రంలో ఇంకొకరు మనకంటే ముందే శోకిస్తున్నారు, మనం ఆ శోకంలో కలుస్తాం. ఒకే బిడ్డ, ఒకే గుంత, రెండు వేర్వేరు వాదనలు. ఇది సాక్ష్యమే తప్ప అలంకారం కాదు అనేవారికి ఇంతకంటే సూటి జవాబు లేదు.

పాబ్లో చిత్రానికి 1984 సంవత్సరపు ప్రపంచ ప్రెస్ ఫొటో గౌరవం వచ్చింది. రఘు రాయ్ చిత్రం ఆ దుర్ఘటనకే ముఖమైపోయింది. ఇప్పుడు నా కొలత పెట్టి అడుగుతాను. ఆ ముఖం నుంచి కారణం దాకా దారి ఉందా? ఫ్రేములో ఫ్యాక్టరీ లేదు, ట్యాంకు లేదు, కంపెనీ పేరు లేదు. డిసెంబరు 7న అరెస్టయి అదే రోజు బెయిలు మీద బయటపడి ప్రభుత్వ విమానంలో భోపాల్ విడిచిన కంపెనీ ఛైర్మన్ వారెన్ ఆండర్సన్ లేడు. వరద పోయినా, భూకంపం వచ్చినా ఇలాంటి ముఖమే మిగులుతుంది కాబట్టి, చిత్రం ఒక్కదాన్నే చూస్తే ఇది మనుషులు చేసిన పని అని తెలియదు. అదే దాని ప్రమాదం. కానీ ఆ చిత్రానికి దారి వేసినవాళ్లు ఉన్నారు. బతికి బయటపడ్డవాళ్లు, వాళ్ల సంఘాలు ఆ ముఖాన్ని తమ పోరాటానికి గుర్తుగా చేసుకుని, దాని పక్కన కంపెనీ పేరు, కోర్టు కేసు, తాగునీటిలోని విషం గురించి రాసుకుంటూ వచ్చారు. 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరినప్పుడు ఆ మొత్తం ఎంత చిన్నదో చెప్పడానికి వాళ్లకు ఆ ముఖం ఉంది. రఘు రాయ్ కూడా ఆ ఒక్క ఫొటోతో సరిపెట్టుకోలేదు. ఏళ్ల తర్వాత తిరిగి వెళ్లి, పాడుబడిన కర్మాగారాన్నీ, జబ్బులతో బతుకుతున్న మనుషులనూ తీశాడు. అంటే దారి ఫొటోలో లేకపోతే అక్కడితో అంతా పోయినట్టు కాదు. ఎవరో ఒకరు పని పెట్టుకుని వెయ్యాలి. వార్త అచ్చయిన రోజున ఆ పని డెస్కుది.

ఇక మన తెలుగు పేజీల సంగతి. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి మీద లద్దె పురుగు పడి, మందులు పనిచెయ్యక, అప్పులు మిగిలి రైతులు వందల సంఖ్యలో ప్రాణాలు తీసుకున్నారు. అప్పటి నుంచి మన పత్రికల్లో ఒక ఫొటో స్థిరపడిపోయింది. ఇంటి ముందు గోడకు ఆనుకుని భార్య నిలబడుతుంది, లేదా కూర్చుంటుంది. చేతిలో చనిపోయిన భర్త ఫొటో, చట్రం కట్టించింది. పక్కన పిల్లలు. ఈ అమరికను ఒక్కసారి నిదానంగా చూడండి. ఫొటోలో ఫొటో ఉంది. బతికున్న మనిషి కళ్లు, పోయిన మనిషి కళ్లు, రెండూ పాఠకుణ్ణే చూస్తున్నాయి. లోపలి ఫొటో ఏ గుర్తింపు కార్డు కోసమో తీయించుకున్నదై ఉంటుంది. దాన్ని పెద్దది చేయించారు కాబట్టి ముఖం కాస్త మసకగా ఉంటుంది. అద్దం మీద ఫ్లాష్ వెలుగు ఒక చుక్కలా పడి ఉంటుంది. ఆమె ఆ చట్రాన్ని రెండు చేతులతో గుండెకు దగ్గరగా పట్టుకునేది తనకు తానుగా కాదు, పట్టుకోమని ఎవరో అడిగితే. అడగడం మోసమని నేను అనను. పోయిన మనిషి పేజీ మీదకు రావడానికి అదొక్కటే మార్గం. మొదట ఈ అమరికను కనిపెట్టిన ఫొటోగ్రాఫర్ ఎవరో గానీ, లేని మనిషిని కళ్ల ముందు నిలబెట్టగలిగాడు.

ఇబ్బంది ఎక్కడంటే, అది మూసగా మారిన చోట. జిల్లా మారినా, పంట మారినా, అప్పు ఇచ్చినవాడు మారినా ఫొటో మారదు. ఒకచోట నకిలీ విత్తనం చంపింది. ఒకచోట ఎండిన బోరు. ఇంకొకచోట మందుల దుకాణదారే అప్పిచ్చి, వాడే మందు అంటగట్టి, వాడే పంట కొన్నాడు. ఈ తేడాలన్నీ ఒకే చట్రంలో కరిగిపోతాయి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 421వ జీఓతో రైతు ఆత్మహత్యల కుటుంబాలకు పరిహారం ప్రకటించినప్పుడు, పట్టాదారు పాసుపుస్తకం లేని కౌలు రైతుల కుటుంబాలు కాగితాలు చూపించలేక ఎన్నోచోట్ల వెనకబడిపోయాయి. ఆ కాగితం లేకపోవడమే అసలు వార్త. దాన్ని ఫొటో తియ్యడం ఎలా అని అడగొచ్చు. ప్రాంసరీ నోటును తియ్యొచ్చు. మందుల దుకాణం బిల్లును, దాని మీది తేదీనీ మొత్తాన్నీ కనబడేటట్టు తియ్యొచ్చు. ఆమె ముఖాన్ని తీసెయ్యమని నేను అడగడం లేదు. ఆమె చేతిలో చట్రంతోపాటు ఆ బిల్లు కూడా ఉండనివ్వండి అంటున్నాను. అప్పుడు కన్ను ముఖం దగ్గర ఆగి, అక్కడి నుంచి కాగితం మీదకు దిగి, దుకాణం దాకా వెళుతుంది. ఇలాంటి మూసలు మనకు ఇంకా ఉన్నాయి: నెర్రెలిచ్చిన నేల మీద నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశం చూసే రైతు, ఖాళీ బిందెల వరుస, ర్యాంకు వచ్చిన పిల్ల నోట్లో మిఠాయి పెడుతున్న తల్లిదండ్రులు. ఆకాశం చూస్తున్న రైతు ఫొటో ఏం వాదిస్తోంది? తప్పంతా మబ్బులదని వాదిస్తోంది. కాలువ చివరి భూములకు నీళ్లు ఎందుకు రాలేదన్న ప్రశ్నను అది పాఠకుడి మనసులో పుట్టకముందే తీసేస్తుంది. రాసిన విలేకరి ఆ ప్రశ్న వేసి ఉన్నా సరే, పైనున్న ఫొటో దానికి ఎదురు వాదిస్తూ ఉంటుంది.

ఆకర్షణ దుఃఖంతో మాత్రమే వస్తుందనుకోకూడదు. 1982 మార్చి 29న తెలుగుదేశం పుట్టినప్పటి నుంచి 1983 జనవరి ఎన్నికల దాకా ఎన్టీ రామారావు చైతన్యరథం మీద తిరిగినప్పుడు, ఖాకీ బట్టల్లో వాహనం పైనుంచి మాట్లాడుతున్న చిత్రాలు, రోడ్డు పక్కన స్నానం చేస్తున్న చిత్రాలు పత్రికల్లో వచ్చాయి. తెర మీద కృష్ణుడిగా చూసిన మనిషి రోడ్డు పక్కన ఒంటి మీద నీళ్లు పోసుకుంటున్నాడన్న ఆ వైరుధ్యంలో ఎన్నికల వాదన మొత్తం ఉంది. 1989లో ‘ఈనాడు’ జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక ఇంకో రకం ఆకర్షణ వచ్చింది. మన ఊరు, మన బడి, మన సర్పంచి పేపర్లో కనబడడం. తెలుగునాట పేపరు చదివే అలవాటు పల్లెకు దిగడంలో ఆ చిన్న ఫొటోల పాత్ర పెద్దదనే నా అభిప్రాయం. అది మంచి ఆకర్షణ. చూసినవాడికి, చూపిన చోటికి మధ్య దారి వెతకాల్సిన అవసరమే లేదు, రెండూ ఒకే ఊళ్లో ఉన్నాయి.

నా వాదనకు ఎదురుగా వచ్చే మాటలు కొన్ని ఉన్నాయి, అవి బలమైనవే. ఫొటోగ్రాఫర్ల నుంచి తరచు వినబడేది, మేం జరిగినదాన్ని తీస్తాం, వాదించం అని. కల్పించిన ఫొటో అయితే తప్పు పట్టండి, నిజమైన ఫొటోకు ఈ పరీక్షలన్నీ ఎందుకు అంటారు. కల్పితం సంగతి నిజంగానే తేలిక. 2015 డిసెంబరులో చెన్నై వరదలప్పుడు ప్రధాని విమానం కిటికీలోంచి చూస్తున్న ఫొటోలో, కిటికీ అవతల వేరే దృశ్యాన్ని అతికించి కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగమే విడుదల చేసింది. పట్టుబడగానే వెనక్కి తీసుకుంది. చిక్కంతా నిజమైన ఫొటోతోనే. 1968 ఫిబ్రవరి 1న సైగాన్ వీధిలో దక్షిణ వియత్నాం పోలీసు అధిపతి ఒక బందీని తలకు గురిపెట్టి కాల్చిన క్షణాన్ని ఎడీ ఆడమ్స్ తీశాడు. అందులో కల్పన లేదు. పులిట్జర్ వచ్చింది. ముప్ఫై ఏళ్ల తర్వాత, ఆ అధికారి చనిపోయినప్పుడు, ఫొటోలు చెప్పేది సగం నిజమేనని ఆడమ్సే రాశాడు. ఆ బందీ ఎవరు, అంతకుముందు గంటల్లో ఆ నగరంలో ఏం జరిగిందన్నది ఫ్రేములో లేదు. ఆ అధికారి చేసిన పనిని నేను సమర్థించను, విచారణ లేని చంపడం చంపడమే. కానీ అత్యంత నిజాయితీ గల కెమెరా కూడా కాలంలో ఒక ముక్కను కోసుకుంటుందనీ, ఆ కోతే దాని వాదన అనీ ఆ ఫొటో తీసినవాడే సాక్ష్యం చెప్పాడు.

డెస్కుల నుంచి వచ్చే అభ్యంతరం వేరు. ముందు పాఠకుడు ఆగాలి కదా, ఆగకపోతే కారణాలు రాసి ఏం లాభం అంటారు. నూటికి నూరుపాళ్లూ ఒప్పుకుంటాను. 2015 సెప్టెంబరు 2న తుర్కియే తీరంలో బోర్లా పడి ఉన్న శరణార్థి పసివాడి ఫొటో ప్రపంచాన్ని ఆపింది. దాని ప్రభావాన్ని కొలిచిన పరిశోధకులు, సిరియా శరణార్థుల కోసం స్వీడన్ రెడ్‌క్రాస్ తెరిచిన నిధికి రోజువారీ విరాళాల సంఖ్య ఫొటో వచ్చిన వారంలో అంతకుముందు వారం కంటే వంద రెట్లకు పైగా పెరిగిందని తేల్చారు. సిరియా యుద్ధంలో లక్షల మంది చచ్చిపోయారన్న అంకెలు చెయ్యలేని పని అది. అయితే ఆ ఉప్పెన ఆరు వారాల్లోనే చాలావరకు తగ్గిపోయిందని కూడా అదే అధ్యయనం చెప్పింది. ఈ రెండో సంగతిని చూపించి, జనానికి జాలి నిలవదు, చూసీ చూసీ మొద్దుబారతారు అనేవారు ఉన్నారు. నాకు అలా తోచదు. ఆరు వారాలు తక్కువ కాలం కాదు. ఫొటో తెరిచిన ఆ ఆరు వారాల తలుపులోంచి పత్రిక ఏం పంపింది, పడవలెందుకు మునుగుతున్నాయో, సరిహద్దులెందుకు మూశారో ఎన్నిసార్లు రాసింది అన్నదే ప్రశ్న. మొద్దుబారడం పాఠకుడి లోపమని నేననుకోను. ప్రతిసారీ ఒకే చోట ఆపి, ఎక్కడికీ తీసుకువెళ్లకపోతే ఎవరైనా నడవడం మానేస్తారు.

అన్నిటికంటే కఠినమైన అభ్యంతరం గౌరవానికి సంబంధించినది. చావునూ ఏడుపునూ అసలు అచ్చువెయ్యనే కూడదు, అది ఎదుటివాడి ఆఖరి ఆస్తి అంటారు. 2021 ఏప్రిల్‌లో ఢిల్లీ శ్మశానంలో మండుతున్న చితులను పైనుంచి తీసిన దానిష్ సిద్దిఖీ చిత్రం వచ్చినప్పుడు ఈ మాట దేశమంతా వినబడింది. అంత్యక్రియలు ఇంటివారివి, కెమెరాకు అక్కడేం పని అన్నారు. ఆ బాధను తేలిగ్గా తీసుకోను. కానీ ఆ చిత్రాన్ని మళ్లీ చూడండి. అందులో ముఖం లేదు. ఎవరి చితి ఏదో పోల్చుకోలేం. కన్ను ఒకచోట ఆగకుండా చితి నుంచి చితికి వెళుతూ తనకు తెలియకుండానే లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. ఆ ఫొటో వాదన లెక్కే. 2021 చివరి దాకా మన దేశంలో కొవిడ్ మరణాలు సుమారు 4.8 లక్షలని ప్రభుత్వం చెప్పింది. 2020, 2021 రెండేళ్ల అదనపు మరణాలు 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో అంచనా ఇచ్చింది. ఆ పద్ధతే తప్పని ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. ఆ వివాదం ఎలా తేలినా, అంకెల మీద అనుమానం పుట్టాల్సిన రోజున దాన్ని పుట్టించింది ఆ చిత్రం. ఏ ఒక్క ఇంటి దుఃఖాన్నీ బయటపెట్టకుండా ఆ పని చేసింది. 2021 జులై 16న అఫ్గానిస్థాన్‌లో ప్రాణాలు కోల్పోయిన సిద్దిఖీకి, ముగ్గురు సహచరులతో కలిపి, ఆ కొవిడ్ చిత్రాలకు 2022లో పులిట్జర్ వచ్చింది. దారి సరిగ్గా ఉన్నచోట గౌరవానికీ ఆకర్షణకూ పోటీ పడాల్సిన పనిలేదని దీన్నిబట్టి నాకు అర్థమైంది. ముఖం తప్పనిసరి అయినచోట మాత్రం అడిగి తియ్యాలి. అడగడమంటే పేపర్లో వస్తుందని చెప్పడం ఒక్కటే కాదు, ఏ వార్తతో, ఏ రైటప్‌తో వస్తుందో కూడా చెప్పడం.

కాబట్టి నా మాట ఎక్కువగా డెస్కులో కూర్చునే సబ్‌ఎడిటర్లకు. ఫొటోగ్రాఫర్ పది ఫ్రేములు పంపిస్తే పేజీకి సరిపోయేది ఒకటి ఏరుకుంటారు. ఆ ఏరుకునే క్షణంలో, కన్ను ఆగే ఫ్రేము ఏది అన్నదానితోపాటు, కారణం ఆనవాలు ఏ ఫ్రేములో మిగిలింది అన్నది కూడా చూడండి. క్రాప్ చేసేటప్పుడు అంచులు ముందు పోతాయి. తరచు ఆ అంచుల్లోనే బోర్డు, కాగితం, కంపెనీ పేరు, పోలీసు లాఠీ ఉంటాయి. రైటప్‌లో ‘కన్నీరుమున్నీరవుతున్న కుటుంబ సభ్యులు’ అన్న వాక్యం ఎవరికీ ఏమీ చెప్పదు, ఆ కన్నీరు ఫొటోలో కనబడుతూనే ఉంది. ఆ రెండు లైన్లలో ఊరు, తేదీ, అప్పు ఎంత, ఎవరి దగ్గర అన్నది పడితే ఫొటో బలం రెట్టింపవుతుంది. పాత ఫొటో వాడితే ‘ఫైల్ ఫొటో’ అని మాత్రమే రాసి వదిలెయ్యకుండా ఏ ఏటిదో, ఎక్కడిదో రాయండి. ఇప్పుడు యంత్రం పుట్టించిన బొమ్మలు కూడా ఫొటోల వరసలో వచ్చి నిలబడుతున్నాయి కాబట్టి, తీసినవారి పేరు లేకుండా ఏ చిత్రమూ పేజీలోకి వెళ్లకూడదన్న నియమం పెట్టుకోవడానికి ఇదే తగిన సమయం.

ఇంకొక్క విషయం, ఇది గ్రంథాలయాలకూ విశ్వవిద్యాలయాలకూ సంబంధించినది. నేను ఇంతసేపు చెప్పిన వాదన ఫొటోలో ఒక్కదానిలో ఉండదు, పేజీలో ఉంటుంది. పక్కన ఏ శీర్షిక వచ్చింది, కింద ఏ ప్రకటన వచ్చింది, మడతకు పైనుందా కిందనుందా అన్నది తెలియకపోతే ఆ ఫొటో పాఠకుడికి ఆ రోజు ఏం చెప్పిందో తెలుసుకోలేం. దివిసీమను 1977 నవంబరు 19న ఉప్పెన ముంచెత్తిన నాటి పేజీలను, 1992 సారా వ్యతిరేక ఉద్యమం నాటి నెల్లూరు జిల్లా పేజీలను ఇప్పుడు చదవాలంటే విడి ఫొటోలు చాలవు, ఆ పేజీలు యథాతథంగా కావాలి. పత్రికల కార్యాలయాల్లోని నెగెటివ్‌లు, జిల్లా అనుబంధాలతో సహా పూర్తి పేజీలు, ఫొటోగ్రాఫర్ల పేర్లతో, రైటప్‌లతో కలిపి స్కాన్ చేసి భద్రపరిచే పని ఒకటి చేపట్టాలని ఈ వేదిక మీది నుంచి కోరుతున్నాను. జర్నలిజం శాఖల విద్యార్థులకు ఒక్కొక్కరికి ఒక్కో జిల్లా, ఒక్కో ఏడాది అప్పగిస్తే ఈ పని ఎక్కడైనా మొదలుపెట్టొచ్చు. జిల్లా అనుబంధాలతోనే మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే ప్రధాన సంచికలను దాచినంత జాగ్రత్తగా వాటిని ఎవరూ దాచరు.